క్రౌన్ పినియన్ మార్చాక హౌసింగ్‌లో ఊళ

ప్రశ్న (లారీ ఓనర్, సూర్యాపేట):
అన్నా, మా 10 టైర్ల బండికి పోయిన వారం క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులో చక్రాలను తిప్పే పెద్ద, చిన్న గేర్ల జత) కొత్త సెట్ వేయించాను. 50 స్పీడులో యాక్సిలరేటర్ వదలగానే ఆ గేర్లుండే డొప్ప, అదే హౌసింగ్‌లోంచి సన్నగా ఊళ వస్తోంది. బ్యాక్‌లాష్ (గేర్ల పళ్ల మధ్య ఖాళీ) 0.25 మి.మీ. ఉందని డయల్ గేజ్ పెట్టి చూపించారు. మరి శబ్దం ఎందుకు? రేపు సిమెంట్ లోడుంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (మెకానిక్, విజయవాడ ఆటోనగర్):
తమ్ముడూ, లోడు ఎక్కించకు. బ్యాక్‌లాష్ ఒక్కటీ కుదిరితే చాలదు, పళ్ల అచ్చు, అంటే పళ్లు ఒకదానికొకటి తగిలే చోట పడే గుర్తు, చూడాలి. నాలుగైదు క్రౌన్ పళ్లకు రంగు పూసి, క్రౌన్‌ను కాస్త బిగబట్టి పినియన్ తిప్పించు. అచ్చు పంటి మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో పడాలి. అడుగున పడితే పినియన్ మరీ లోపలికి పోయినట్టే. పాత షిమ్‌లే (సర్దుబాటుకు పెట్టే పలుచని రేకులు) వేసుంటారు. పినియన్ కేజ్ (పినియన్ బేరింగ్‌లుండే డొప్ప) కింద షిమ్ కలిపితే పినియన్ వెనక్కి వస్తుంది. అప్పుడు బ్యాక్‌లాష్ మారుతుంది, మళ్లీ సెట్ చేయించు.

ఇంకో జవాబు (ఖమ్మం):
పినియన్ బేరింగ్ ప్రీలోడ్ (బేరింగ్‌కు ముందే ఇచ్చే బిగువు) కూడా చూడండి. తాడు చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగితే తెలుస్తుంది. చేతి అంచనా వద్దు.

సూర్యాపేట:
విప్పాం అన్నా. అచ్చు పంటి అడుగునే ఉంది. షిమ్ కలిపాక మధ్యకొచ్చింది. ఖాళీ బండితో కోదాడ దాకా వెళ్లొచ్చాను, ఊళ లేదు.