జనం డబ్బుతో చేసిన పరిశోధన జనానికి ఉచితంగా అందాలా?

చదువరి:
పరిశోధనకు డబ్బు ప్రభుత్వానిది, అంటే మనది. అచ్చుకు ముందు పేపర్‌ని పరీక్షించే, అంటే పీర్ రివ్యూ చేసే ప్రొఫెసర్లకు జర్నల్ సాధారణంగా పైసా ఇవ్వదు. తీరా పేపర్ చదవబోతే పేవాల్, అంటే డబ్బు కడితేనే తెరుచుకునే గోడ! ఒకే పనికి రెండుసార్లు కట్టించుకోవడం ఏం న్యాయం? అన్నీ ఓపెన్ యాక్సెస్ చేయాల్సిందే, అంటే ఎవరైనా ఉచితంగా చదివేలా ఉంచాల్సిందే.

పాత ఎడిటర్:
ఉచితం చదివేవాళ్లకేనండీ, ఖర్చు ఎక్కడికీ పోదు. రివ్యూయర్లను పట్టుకోవడం, బొమ్మల్లో మాయ ఉందేమో చూడటం, ఇవన్నీ జీతానికి చేసే పనులే. తిప్పి పంపిన పేపర్లకూ ఆ చాకిరీ తప్పదు. చిన్న శాస్త్ర సంఘాలు చాలావరకు తమ జర్నళ్ల చందాల మీదే బతుకుతున్నాయి.

చదువరి:
అంత ఖర్చయితే, జర్నళ్లు వేసే పెద్ద సంస్థ ఎల్సెవియర్ ఉన్న విభాగానికి 35 శాతం పైన లాభం ఎలా వస్తోంది? దాని మాతృసంస్థ నివేదికల్లోనే ఉంది.

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత పరిశోధన చేస్తున్నవారు):
లాభాల సంగతి నిజమే. కానీ ఓపెన్ యాక్సెస్ అనగానే ఆ సంస్థలు బిల్లును రచయిత మీదికి తిప్పేశాయి. 2020లో నేచర్ జర్నల్ ప్రకటించిన రుసుము పేపరుకు 9,500 యూరోలు! గ్రాంట్ లేనివాళ్లు ఎక్కడినుంచి తేవాలి? మినహాయింపు ఉంటుందంటారు. నేను అడిగితే, మా విభాగం దగ్గర డబ్బు లేదని హెడ్ సంతకంతో ఉత్తరం తెమ్మన్నారు. పేపర్ బాగుందో లేదో తర్వాతట, ముందు పేదరికం రుజువు చేసుకోవాలి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. పేపరుకింత అని వసూలు చేస్తే, ఎన్ని అచ్చేస్తే అంత రాబడి. హిందావి అనే ఓపెన్ యాక్సెస్ ప్రచురణ సంస్థ ప్రత్యేక సంచికల్లోకి దొంగ పేపర్లు గుంపులుగా దూరాయి. 2023లో ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

లైబ్రేరియన్:
మీరంతా జర్నల్ దగ్గరే ఆగిపోతున్నారు. రివ్యూ అయ్యి ఆమోదం పొందిన ప్రతిని, జర్నల్ పేజీ హంగులు లేకుండా, రచయితే రిపాజిటరీలో, అంటే ఎవరైనా చదువుకోగల ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే సరిపోతుంది. రుసుమూ లేదు, పేవాలూ లేదు. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2008 నుంచి ఇదే అడుగుతోంది. అప్పట్లో అచ్చయ్యాక 12 నెలల వరకు ఆగి అందరికీ చూపే గడువుండేది, 2025 జూలై నుంచి అదీ తీసేశారు.

పాత ఎడిటర్:
గడువు లేకపోతే చందా ఎవరు కడతారు?

లైబ్రేరియన్:
భౌతికశాస్త్రవేత్తలు తమ పేపర్లను ఉచితంగా పెట్టుకునే ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్ 1991 నుంచి ఉంది. భౌతికశాస్త్ర జర్నళ్లు మూతపడ్డాయా? మీరన్న చిన్న సంఘాలకు నిజంగానే దెబ్బ తగిలితే, నిధులిచ్చే సంస్థలు నేరుగా ఆ జర్నళ్లకే డబ్బివ్వాలి. పేపరుకింత అని మాత్రం కాదు.