సంఘం వార్షిక నివేదికలో బాధ కలిగించిన సంగతులు కూడా చదవాలా?

లాలాగూడ సిస్టర్ · 2025 డిసెంబరు 17

అందరికీ వందనాలు. మాది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌కి దగ్గర్లో ఉన్న చిన్న క్రైస్తవ సంఘం. 64 కుటుంబాలు. నూట ఇరవై మంది వస్తే హాలు నిండినట్టే. మూడేళ్లుగా సంఘం పనులు చూసే పాస్టరేట్ కమిటీలో ఉన్నాను, ఈ జూన్ నుంచి సెక్రటరీని. 28వ తేదీ ఆదివారం ఆరాధన అయ్యాక ఈ ఏడాది నివేదిక నేనే చదవాలి.

ఎలా రాయాలో చూద్దామని పాత ఫైలు తీశాను. ఏ ఏడాది చూసినా అవే రెండు పేజీలు. 'దేవుని కృపవలన ఈ సంవత్సరమంతయు సంఘము క్షేమముగా నడిపించబడినది' అని మొదలవుతుంది. తర్వాత బాప్తిస్మాలు ఇన్ని, వివాహాలు ఇన్ని, భూస్థాపనలు ఇన్ని. అంకెలు మారతాయి, అంతే. 2021 నివేదికలో కూడా 'క్షేమముగా' అనే ఉంది. ఆ ఏడాది మే నెలలో కోవిడ్‌తో మా నాన్న పోయారు. 'భూస్థాపనలు: 7' అన్న చోట వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ ఏడుగురిలో ఆయన ఒకరు.

అందుకే ఈసారి అలా రాయడానికి చెయ్యి రావట్లేదు. ముఖ్యంగా రెండు సంగతులు.

మా సంఘంలో ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీస్తారు. అన్నానికి ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కన పెట్టి, నెలకోసారి గుడికి తెస్తారు. అన్నీ ఒక సంచిలో పోసి హర్రాజు వేస్తాం. ఆ డబ్బు ఇబ్బందిలో ఉన్నవాళ్లకి వెళ్తుంది. ఇప్పుడు సగం ఇళ్లలో దాని బదులు యాభయ్యో వందో ఫోన్‌పే చేస్తున్నారు. మానకుండా బియ్యమే తెచ్చినావిడ ఒక అవ్వ. అందరం బియ్యం అవ్వ అనేవాళ్లం. పాత డాల్డా డబ్బా తెచ్చేది. పసుపు రంగంతా పోయి చెట్టు బొమ్మ ఒక్కటే మిగిలింది. పురుగు పట్టకుండా బియ్యంలో రెండు ఎండుమిరపకాయలు వేసేది. సంచిలో మిరపకాయ కనిపిస్తే అవ్వ వచ్చి వెళ్లిందని తెలిసిపోయేది. జులైలో ప్రభువునందు నిద్రించింది. పాత పద్ధతిలో రాస్తే అవ్వ కూడా 'భూస్థాపనలు: 4'లో కలిసిపోతుంది.

రెండోది చెప్పడం కష్టం. మార్చిలో, ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమ దినాల్లో, బిల్డింగ్ ఫండ్‌లో లక్షా నలభై వేలు ఉన్నాయి. హాలు వెనక సగం రేకులు. వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన ఒక అంకుల్ 'ముందు రేకులు మార్చండి, ఈ వానాకాలం ఆగవు' అని మీటింగ్‌లో గట్టిగా చెప్పారు. ఏప్రిల్ 20న ఈస్టర్, మేలో రెండు పెళ్లిళ్లు ఉన్నాయి కాబట్టి ముందు రంగులు వేయిద్దాం అన్నారు మిగతావాళ్లు. రంగులకి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. మాటామాటా పెరిగింది. ఎవరెంత కానుక వేస్తారన్న దాకా వెళ్లింది. అంకుల్ లేచి వెళ్లిపోయారు. జూన్‌కల్లా ఆయనతోపాటు 9 కుటుంబాలు రావడం మానేశాయి.

సెప్టెంబరు చివరి వారం వానలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చింది అప్పుడే. ఆ శనివారం తారీఖు 27. మన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు 1947లో ఒక్కటైన రోజు. మర్నాడు దాని ప్రత్యేక ఆరాధన పెట్టుకున్నాం. సాయంత్రం ఊడుద్దామని హాలు తాళం తీస్తే వెనక నాలుగు వరసల బెంచీల కింద నీళ్లు. చాపలన్నీ తడిసి ముద్దయ్యాయి. కొత్త లేత నీలం గోడ మీద పైనుంచి కిందకి చారలు. ఐదుగురం ఆడవాళ్లం రాత్రి పదిన్నర దాకా గుడ్డలతో పిండి బకెట్లలో ఎత్తిపోశాం. ఆ చారలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇదంతా నివేదికలో రాయాలా? ట్రెజరర్ అంకుల్ని అడిగితే 'నివేదికంటే దేవునికి కృతజ్ఞత చెప్పే కాగితం అమ్మా, మానుతున్న పుండు మళ్లీ రేపొద్దు' అన్నారు. ఆయన సంఘాన్ని ప్రేమించే మనిషి, ఆయన మాట తీసేయలేను. మా పాస్టర్ అయ్యగారేమో 'ప్రార్థన చేసుకుని నువ్వే రాయమ్మా' అన్నారు. మీ సంఘాల్లో ఎలా చేస్తారో చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

బొల్లారం మాస్టారు · డిసెంబరు 17

అమ్మా, వందనాలు. పన్నెండేళ్లు సెక్రటరీగా చేశాను. ముందు లెక్కల సంగతి చెబుతాను. జ్ఞాపకం మీద రాయకు. బాప్తిస్మాల రిజిస్టరు, వివాహాల రిజిస్టరు, భూస్థాపనల రిజిస్టరు మూడూ ముందు పెట్టుకుని, అయ్యగారి పక్కన కూర్చుని లెక్కపెట్టు. వివాహాల రిజిస్టరు మనం సొంతంగా పెట్టుకున్న పుస్తకం కాదు, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నడిచేది. నివేదికలో ఒక అంకె, రిజిస్టరులో ఇంకో అంకె ఉండకూడదు.

చనిపోయినవారిని మాత్రం అంకెగా చదవకు. పేర్లు చదువు. చదివేటప్పుడు సంఘాన్ని నిలబడమను. మేము అలాగే చేసేవాళ్లం, దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది.

మా అమ్మ వైపువాళ్లది మెదక్ దగ్గర ఊరు. అక్కడి పెద్ద గుడి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది, పోయిన క్రిస్మస్‌కి నూరేళ్లు నిండాయి. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవని పుస్తకాల్లో ఉంటుంది. మా ఇంట్లో ఒక్కరూ ఆ కొలతలు చెప్పగా నేను వినలేదు. కరువులో మిషనరీ పోస్నెట్ దొర గుడి పని పెట్టాడని, పనికి పోయినవాళ్ల పొయ్యి వెలిగిందని చెప్పేవాళ్లు. మీ బియ్యం అవ్వ గురించి నువ్వు ఇక్కడ ఎలా రాశావో నివేదికలోనూ అలాగే రాయి. డబ్బా, మిరపకాయలు అన్నీ ఉండనీ.

గొడవ గురించి మూడు వాక్యాలు చాలు. రంగులు వేయాలని కమిటీ తీర్మానించింది. రేకుల పని వాయిదా వేసింది. సెప్టెంబరులో వాననీళ్లు హాల్లోకి వచ్చాయి. ఎవరు ఏమన్నారో వద్దు, ఎన్ని కుటుంబాలు దూరమయ్యాయో కూడా వద్దు. వాళ్లు రేపు తిరిగి రావాలంటే వాళ్లని ఒక లెక్కగా చదివి ఉండకూడదు.

విచారణ సేవకుడు · డిసెంబరు 18

మాది సికింద్రాబాద్ వైపు కథోలిక విచారణ, అంటే పారిష్. 31 రాత్రి కృతజ్ఞతా పూజకి ముందు ఏడాది విశేషాలు చదువుతాం. ఈసారి రాసేవాణ్ని నేనే. మాకు ఇది పెద్ద సంఘటనల ఏడాది. ఈస్టర్ మర్నాడే, ఏప్రిల్ 21న, పోప్ ఫ్రాన్సిస్ గారు కన్నుమూశారు. కొత్త పోప్‌ని ఎన్నుకున్నవారిలో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోనీ గారు కూడా ఉన్నారు. మే 8న పోప్ లియో 14 గారి పేరు ప్రకటించేటప్పుడు మా విచారణలో చాలామంది టీవీ ముందే ఉన్నారు. వీటితోనే ఒక పేజీ నిండింది.

రెండో పేజీలో మా గుడి వాచ్‌మన్ కూతురి నర్సింగ్ ఫీజుకి యువత పాత పేపర్లు పోగుచేసి అమ్మిన సంగతి రాశాను. ఆదివారాలు దివ్యపూజ అయ్యాక ఆటో ట్రాలీ వేసుకుని ఇంటింటికీ తిరిగారు. ఫాదర్ గారు చదివి రెండో పేజీని ముందు పెట్టమన్నారు. 'రోమ్ సంగతులు అందరూ టీవీలో చూశారు, ఇది మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు' అన్నారు. మీ గొడవ విషయంలో సలహా ఇచ్చేంత అనుభవం నాకు లేదు సిస్టర్. అవ్వ విషయంలో మాత్రం మాస్టారి మాటే నాదీ.

మల్కాజిగిరి అక్క · డిసెంబరు 18

చెల్లీ, నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను. అలా ఒక సంఘం వదిలి వచ్చేసిన కుటుంబం మాది. ఊరు, పేరు వద్దు. మా డాడీ కూడా కమిటీలో డబ్బు ఖర్చు గురించే మాట్లాడారు. ఆయన్ని ఒక మాట అన్నారు. తర్వాతి ఆదివారం మేము వెళ్లలేదు. ఆ తర్వాతి వారమూ వెళ్లలేదు. ఎవరైనా ఇంటికి వస్తారని మమ్మీ నెల రోజులు సాయంత్రాలు వాకిలి ఊడ్చి, టీకి పాలు ఉంచేది. ఎవరూ రాలేదు.

ఆ డిసెంబరులో నివేదిక చదివిన వీడియో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. 'సంఘమంతా ఐక్యతతో ముందుకు సాగింది' అని చదువుతున్నారు. డాడీ మాట్లాడకుండా ఫోన్ బోర్లించి పెట్టారు. ఆరోజే మేము వేరే సంఘంలో చేరాలని నిశ్చయించుకున్నాం. అన్న మాట కంటే ఆ వాక్యమే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఇరవై ఏళ్లు ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లం లేకపోయినా ఎవరికీ ఏ లోటూ లేదన్నమాట.

అందుకే మాస్టారు గారూ, పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఆ తొమ్మిది కుటుంబాల సంగతి చదవాల్సిందే అంటాను. పేర్లు అక్కర్లేదు. వాళ్లు లేరని, వాళ్ల చోటు ఖాళీగా ఉందని చెప్పాలి. అయితే చెల్లీ, చదవడానికి ముందు నువ్వు వాళ్ల ఇళ్లకి వెళ్లు. వాళ్ల గురించి రాసింది వాళ్లకంటే ముందు మైకులో వినిపించకూడదు.

బొల్లారం మాస్టారు · డిసెంబరు 18

అనుకోవడానికేముందమ్మా. మీరు చెప్పింది నాకు తట్టలేదు. లాలాగూడ సిస్టర్, ఆ విషయంలో నా సలహా పక్కన పెట్టి అక్క చెప్పినట్టు చెయ్యి.

లాలాగూడ సిస్టర్ · డిసెంబరు 23

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీ డాడీ ఫోన్ బోర్లించారన్న మాట చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

క్యారల్స్ రౌండ్స్ మధ్యలో వీలు చూసుకుని, నేనూ అయ్యగారి భార్య అమ్మగారూ కలిసి ఆరు ఇళ్లకి వెళ్లాం. ఇంకా మూడు మిగిలాయి, రేపు వెళ్తాం. రెండు కుటుంబాలు వేరే చోట చేరిపోయాయి, సంతోషంగానే మాట్లాడారు. ఒకరు తలుపు దగ్గరే నిలబెట్టి పంపేశారు. ఏం చేస్తాం, తొమ్మిది నెలలు ఆలస్యంగా వెళ్లినవాళ్లం.

వర్క్‌షాప్ అంకుల్ ఇంట్లో గంటన్నర కూర్చున్నాం. మొదట చాలాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆరోజు రంగులకి నేనూ చెయ్యెత్తానని, మీటింగ్‌లో మిమ్మల్ని ఆ మాట అన్నప్పుడు నోరు మెదపలేదని చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన లోపలికి వెళ్లి పాత డైరీ ఒకటి తెచ్చారు. మార్చిలో మీటింగ్‌కి ముందే నిచ్చెన వేసుకుని పైకెక్కి కొలతలు తీసుకున్నారట. ఎన్ని రేకులు పగిలాయి, ఎన్ని మార్చాలి, రేకులు బిగించే జె-హుక్కులు ఏ సైజువి కావాలి, వాషర్లు ఎన్ని, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. పక్కనే హాలు బొమ్మ, కారే చోటల్లా చిన్న గుండ్రటి గుర్తు. నీళ్లు పిండి ఎత్తిపోసిన చోట్లు ఆ గుర్తుల్లో ఒక్కటి తప్పకుండా ఉన్నాయి. ఆ పేజీ చింపి నా చేతికిచ్చారు. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. ఆంటీ మాత్రం గేటు దాకా వచ్చి క్రిస్మస్ ఆరాధన ఎన్నింటికని అడిగింది.

నివేదికలో ఆ భాగం ఇలా రాశాను:

'మార్చిలో హాలుకు రంగులు వేయించాలని కమిటీ నిర్ణయించింది. రేకులు ముందు మార్చాలన్న సలహాను వినలేదు. ఆ సలహా సరైనదని సెప్టెంబరు వానలకు తెలిసింది. ఆ చర్చలో కొందరి మనసులు నొప్పించాం. 9 కుటుంబాలు మనతో లేవు. వారి బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఇది కమిటీ వల్ల జరిగిన పొరపాటు. జనవరిలో రేకుల పని మొదలవుతుంది. కొలతలు మన సంఘస్థులే తీసి ఇచ్చారు.'

నిన్న ట్రెజరర్ అంకుల్‌కి చూపించాను. వద్దంటారని భయపడుతూనే వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. పెన్ను అడిగి 'పొరపాటు' కొట్టేసి 'తప్పు' అని రాశారు. 'రేకులకి ఎంతవుతుందో కనుక్కో' అని మాత్రం అన్నారు.

అవ్వ గురించి రాసినదాన్ని ముందే వాళ్ల కోడలికి చదివి వినిపించాను. డాల్డా డబ్బా పారేయలేదట. ఆదివారం తెస్తానంది.