సాయంత్రానికి రెప్ప వాలిపోతోంది, రిపోర్టులన్నీ నార్మల్. ఇంకేం అడగాలి?

రాయగడ అమ్మాయి:
మా నాన్నకి 58 ఏళ్లు. రాయగడలో టైలర్ షాపు. పొద్దున్న సూదిలో దారం తనే ఎక్కించుకుంటారు. మధ్యాహ్నం దాటితే ఎడమ రెప్ప దిగిపోతుంది, బట్ట మీద సుద్ద గీత రెండుగా కనిపిస్తుంది. ఏ కన్ను మూసినా గీత ఒక్కటే. కాసేపు కునుకు తీస్తే మళ్లీ బాగుంటుంది. ఈమధ్య అప్పుడప్పుడు కుడి రెప్ప కూడా వాలుతోంది. నొప్పి లేదు.

వైజాగ్‌లో బ్రెయిన్ ఎమ్మారై, ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష, నరానికి కరెంటు ఇచ్చి చేసే ఆర్ఎన్ఎస్ చేయించాం. మూడూ నార్మల్. "వయసు, షుగరు" అని బి కాంప్లెక్స్ రాసి పంపేశారు. వయసే కారణమైతే పొద్దుటికీ సాయంత్రానికీ ఇంత తేడా ఎందుకుంటుంది? నాన్న కత్తెర పట్టడం మానేశారు, కటింగ్ అంతా అమ్మ చేస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి ఆప్టోమెట్రిస్ట్:
అమ్మా, మీరడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. వాడేకొద్దీ అలసిపోయి, విశ్రాంతి ఇస్తే తేరుకునే రెప్పని చూస్తే ముందు మయస్థీనియానే అనుమానించాలి, అంటే నరం నుంచి కండరానికి సంకేతం సరిగ్గా అందక కండరం త్వరగా అలసిపోయే జబ్బు. అది కళ్లకే పరిమితమైనప్పుడు ఆ యాంటీబాడీ సుమారు సగం మందిలోనే దొరుకుతుంది. ఆర్ఎన్ఎస్ కూడా చాలామందిలో నార్మల్‌గానే వస్తుంది. కాబట్టి ఆ కాగితాలు చూసి జబ్బు లేదని చెప్పకూడదు.

ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి. రెప్ప వాలి ఉన్నప్పుడు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి, మూసిన కంటి మీద 2 నిమిషాలు ఉంచాలి. తీసిన వెంటనే రెప్ప 2 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో పైకి లేస్తే అది గట్టి ఆధారం. రెండోది, చీకటి గదిలో అరగంట కళ్లు మూసుకుని పడుకోబెట్టి, ముందూ తర్వాతా ఫోటో తీయడం. ఒక నిమిషం పైకి చూస్తూ ఉండమని వీడియో కూడా తీయండి, రెప్ప మెల్లగా జారడం అందులో తెలుస్తుంది. ఓపీలో రెప్ప బాగున్నప్పుడు డాక్టరుకి చూపించాల్సింది ఇవే.

తర్వాత న్యూరాలజిస్టుని సింగిల్ ఫైబర్ ఈఎంజీ గురించి అడగండి. కంటి చుట్టూ ఉండే కండరంలో సన్నని సూది పెట్టి, అందులోని విద్యుత్ సంకేతాలని కొలుస్తారు. ఉన్నవాటిలో ఎక్కువ పట్టేసేది ఇదే. కాకపోతే ఇతర కండరాల జబ్బుల్లోనూ తేడా చూపిస్తుంది, అందుకే లక్షణాలతో కలిపి చూడాలి. ఇదే జబ్బులో కొందరికి కనిపించే మస్క్ అనే ఇంకో యాంటీబాడీ, థైరాయిడ్ పరీక్షలు కూడా అడగండి. జబ్బు ఖాయమైతే, దీనితో సంబంధం ఉన్న థైమస్ అనే ఛాతీలోని గ్రంథిని చూడటానికి సీటీ తీస్తారు.

రెప్పలు రెండూ ఏళ్ల తరబడి మెల్లగా వాలుతూ, రోజులో తేడా లేకుండా, కళ్లు ఏ పక్కకీ సరిగ్గా తిరగకపోతే అది మైటోకాండ్రియా (కణాలకి శక్తినిచ్చే భాగాలు) జబ్బు కావచ్చు. దాని దారి వేరు, కండరం ముక్క తీసి చూస్తారు. మీ నాన్నగారి వర్ణన అలా లేదు.

గుణుపురం లక్ష్మి:
నాకూ యాంటీబాడీ నెగెటివే అమ్మా. ఈఎంజీలో తేలింది. పిరిడోస్టిగ్మిన్ అనే మందు మొదలుపెట్టాక రెప్ప త్వరగానే లేచింది, రెండుగా కనిపించడం మాత్రం అంత తేలిగ్గా పోలేదు. కడుపులో మెలిపెట్టి విరేచనాలైతే భయపడొద్దు, డాక్టరుకి చెబితే డోసు సర్దుతారు.

రాయగడ అమ్మాయి:
నిన్న సాయంత్రం ఐసు పెట్టాం. రెప్ప లేచింది, మళ్లీ కాసేపటికి దిగింది. రెండు ఫోటోల్లోనూ తేడా స్పష్టంగా ఉంది. ఈలోగా ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

పర్లాకిమిడి ఆప్టోమెట్రిస్ట్:
మంచి పని చేశారు. మన వైపు జ్వరమొస్తే మలేరియా మందు చేతిలో పెట్టేస్తారు. క్లోరోక్విన్, క్వినైన్ ఈ జబ్బుని పెంచగలవు. సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, గ్లకోమాకి వేసే టిమోలోల్ చుక్కలూ అంతే. ఈ పేర్లు రాసి నాన్నగారి జేబులో ఉంచండి, ఏ మందుల షాపుకి వెళ్లినా చూపించమనండి.

మింగడం కష్టమైనా, మాట ముక్కుతో వస్తున్నా, ఊపిరి అందకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కళ్లతో మొదలైన ఈ జబ్బు ఒంటికి పాకితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే పాకుతుంది. వాలిన కంటిలో పాప పెద్దదైనా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా అది మయస్థీనియా కాదు, మెదడులో రక్తనాళం గోడ బుడగలా ఉబ్బడం కావచ్చు. అప్పుడు గంటలు కూడా లెక్కే.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. రాత్రి నేల మీద పడుకుని, తెల్లారేసరికి రెండు రెప్పలూ హఠాత్తుగా వాలిపోతే కాటు గుర్తు కనిపించకపోయినా కట్లపామునే అనుమానించాలి. ఐసు పరీక్షలు పెట్టుకోకుండా విషవిరుగుడు ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.