స్టీలు రాడ్డుతో చేపల కత్తి చేశాను, పదును నిలవడం లేదు

ప్రశ్న: ఆమదాలవలస దగ్గర నుంచి

అందరికీ నమస్కారం. మా తాతగారి కొలిమి చాలా ఏళ్లుగా చల్లారిపోయి ఉంది. సంక్రాంతి తర్వాత పాక బాగుచేసి, తిత్తికి బదులు చిన్న బ్లోయర్ పెట్టి మళ్లీ వెలిగించాను. దాగలి, సమ్మెట ఆయనవే. పగలు ఉద్యోగం, సాయంత్రం రెండు గంటలు కొలిమి దగ్గర.

అమ్మ చేపలు కోసే కత్తి వానాకాలం వస్తే తుప్పు పట్టేస్తుంది. స్టీలైతే ఆ బాధ ఉండదని రెయిలింగులు చేసే షాపు నుంచి 12 మి.మీ. రాడ్డు ముక్కలు తెచ్చాను. ఎర్రగా కాల్చి కొట్టాను. మామూలు ఇనుము రెండు దెబ్బలకు సాగే చోట దీనికి ఏడెనిమిది పడ్డాయి. అంచున రెండు పగుళ్లు వచ్చాయి. చివర్లో ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచాను. అయినా ఆకురాయి పెడితే తేలిగ్గా అరిగిపోతోంది. సానపట్టి ఇస్తే రెండు చేపలకే మొద్దుబారింది. వారానికి చుక్కలు చుక్కలుగా తుప్పు కూడా. అయస్కాంతం అంటుకోదు. నీళ్లకు బదులు నూనె వాడాలా?

జవాబు: నరసన్నపేట వైపు కొలిమి

బాబూ, నూనెలో ముంచినా ఇంతే. అది కాల్చి ముంచితే గట్టిపడే జాతి ఉక్కు కాదు. అయస్కాంతం అంటని స్టీలు ఎక్కువగా 304 రకం. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. కార్బన్ 0.08 శాతం దాటదు. కాల్చి ముంచితే అది ఇంకా మెత్తబడుతుంది. చల్లగా కొడితేనే కొంచెం గట్టిపడుతుంది, ఆ గట్టిదనం కత్తి అంచుకు చాలదు. దాన్ని కత్తి చేయడానికి కూర్చోవడమే తప్పు, నీ చేతి పనిలో తప్పు లేదు.

పగుళ్ల సంగతి వేరు. నువ్వు ఎరుపు మీద కొట్టావు. దీన్ని బాగా పసుపు వచ్చేదాకా, అంటే 1150 నుంచి 1200 డిగ్రీల దాకా కాల్చాలి. నారింజ రంగు పోయి ఎరుపు దిగగానే సుత్తి ఆపెయ్. 925 డిగ్రీల కింద కొట్టకూడదు. స్టీలులో వేడి మెల్లగా పాకుతుంది, పైన పసుపు కనిపించినా లోపల ఇంకా కాలి ఉండదు. కాస్త ఆగి తియ్. నిప్పురవ్వలు చిమ్మితే మాత్రం అది మాడిపోతున్నట్టు.

తుప్పు గురించి నేను దెబ్బతిని నేర్చుకున్నది చెబుతాను. కళింగపట్నం నుంచి ఒకాయన పడవకి ఆరు కొక్కేలు అడిగాడు. చేసి, మామూలు ఇనుముకి చేసినట్టే బూడిదలో పెట్టి చల్లార్చాను. నెల తిరక్కుండా వంపుల దగ్గర తుప్పు కారింది. ఆయన ముందు తలెత్తలేకపోయాను. సుమారు 425 నుంచి 870 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే క్రోమియం వెళ్లి కార్బన్‌తో కలిసిపోతుంది, ఆ పక్కన లోహానికి తుప్పును ఆపే బలం పోతుంది. మళ్లీ పసుపు దాకా కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచి, కాల్చినప్పుడు పైన కట్టిన నల్ల పొక్కు పూర్తిగా గీకి ఇచ్చాను. ఈసారి వంపుల దగ్గర తుప్పు రాలేదు. దీనికి నీళ్లు గట్టిపరచడానికి కాదు, తుప్పు రాకుండా కాపాడడానికి.

ఇంకోటి, ఇనుప తీగ బ్రష్షుతో రుద్దకు. ఆ ఇనుము నలక అంటుకుని చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. నీకు వచ్చింది అది కూడా కావచ్చు.

అమ్మగారి కత్తికి లారీ కమాను పట్టీ తీసుకో. మిగిలిన స్టీలుతో గరిటె కాడలు, కొక్కేలు చెయ్, అది దానికే పనికొస్తుంది.

జవాబు: విజయనగరం, రెయిలింగుల పని

అన్నయ్య చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను. మా దగ్గర తెగే రాడ్డు అంతా 304 కాదు. 202 రకం చవక. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు వేస్తారు, మన గరివిడి, చీపురుపల్లి వైపు తవ్వే ఖనిజమే. దానికీ అయస్కాంతం అంటదు, తుప్పు మాత్రం త్వరగా పడుతుంది. షాపులో ఏ రకమో అడిగి తీసుకో. పాత బోల్టులైతే తల మీద చూడు, ఏ2 అని ఉంటే 304 జాతి, ఏ4 అంటే 316 జాతి. ఉప్పుగాలికి ఏ4 మేలు. జింకు పూతవి, క్రోమ్ పూతవి కొలిమిలో వేయొద్దు, ఆ పొగ ప్రమాదం. పాక తలుపులు తీసి ఉంచి పని చెయ్.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్రష్షు ఇనుపదే. ఆదివారం కమాను పట్టీ తెస్తాను. అయస్కాంతం అంటడం మానేదాకా కాల్చి నూనెలో ముంచితే సరిపోతుందా?

జవాబు: నరసన్నపేట వైపు కొలిమి

అంటడం మానాక ఇంకాస్త కాల్చి అప్పుడు ముంచు. తర్వాత అంచు లేత గడ్డిరంగు వచ్చేదాకా మెల్లగా కాచు, లేకపోతే పెళుసుగా ఉంటుంది. వాడిన పట్టీకి కంటికి కనిపించని పగుళ్లు ఉండొచ్చు బాబూ. కిరసనాయిలు రాసి, శుభ్రంగా తుడిచి, పైన సుద్ద పూయి. పగులుంటే సుద్ద మీద తడి గీత లేస్తుంది. ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి తీసుకో.