ఓర్లాండో టైమ్‌షేర్ అమ్మాలి: 21,000 వస్తుందన్నవాడు ముందే ఫీజు అడుగుతున్నాడు, 1,500 వస్తే గొప్పన్నావిడ అడగట్లేదు

కాకినాడ కాజా (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

2014లో పిల్లలతో ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్ళినప్పుడు టైమ్‌షేర్ (రిసార్టులో ఏటా ఒక వారం ఉండే హక్కు) కొన్నాం. థీమ్ పార్కు టికెట్లు సగం ధరకే ఇస్తాం, గంటన్నర ప్రెజెంటేషన్‌కి వచ్చి కూర్చోండి చాలు అన్నారు. పొద్దున తొమ్మిదింటికి లోపలికి వెళ్తే బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. చిన్నాడు ఆకలికి ఏడుపు, మా వారు "సంతకం పెట్టేసి పోదాం పద" అన్నారు. అలా 17,500 డాలర్లు. రెండు బెడ్‌రూమ్‌లు, ఆగస్టులో ఒక వారం, డీడ్ (యాజమాన్య పత్రం) మా ఇద్దరి పేరు మీద ఉంది. లోన్ తీరిపోయింది.

ఊరికే తిట్టడం ఎందుకు, మొదట్లో బాగానే వాడుకున్నాం. అమ్మావాళ్ళు వచ్చిన ఏడాది ఆ వంటగదిలో ఇడ్లీ కుక్కర్ పెట్టి వారమంతా ఇంట్లో ఉన్నట్టే గడిపాం. కానీ అప్పుడు ఏడాదికి 640 ఉన్న మెయింటెనెన్స్ ఫీజు ఈ జనవరికి 1,190 అయింది. పెద్దది కాలేజీలో చేరింది, ఆగస్టు వస్తే డార్మ్‌కి సామాను మోయడమే సరిపోతోంది. నాలుగేళ్ళుగా వెళ్ళకుండానే ఫీజు కడుతున్నాం.

పోయిన మంగళవారం సాయంత్రం పప్పుకి తాలింపు వేస్తుంటే ఫోన్ వచ్చింది. మా పేర్లు, యూనిట్ నంబరు, 32వ వారం అని కూడా అతనే చెప్పాడు. ఒక కార్పొరేట్ కంపెనీ వాళ్ళ ఉద్యోగుల కోసం మా రిసార్టులో వారాలు కొంటోందట, మా దానికి 21,000 ఇస్తారట. తాలింపు మాడిపోయింది. లిస్టింగ్ (అమ్మకానికి పెట్టడం), మార్కెటింగ్, టైటిల్ సెర్చ్ (యాజమాన్య రికార్డులు చూడటం) అన్నీ కలిపి 1,995 ముందు కట్టాలి, క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే) రోజున తిరిగిచ్చేస్తాం అన్నాడు. శుక్రవారంలోగా చెప్పకపోతే ఆ కంపెనీ పక్క యూనిట్ కొనేస్తుందట.

ఇంకోవైపు మా ఫ్రెండ్ ఫ్లోరిడాలో ఒక బ్రోకరమ్మ నంబరు ఇచ్చింది. ఆవిడ రిసార్టు పేరు వినగానే "1,500 వస్తే గొప్పే" అంది, ఏమాత్రం మొహమాటం లేకుండా. కమిషన్ 20 శాతం, కానీ కనీసం 900. అదీ అమ్ముడయ్యాకే. అంటే నా చేతికి 600.

మా వారు మొదటివాళ్ళ వైపు ఉన్నారు. "21,000 ఎక్కడ, 600 ఎక్కడ" అంటారు. నాకేమో ముందు డబ్బు కట్టడం అంటే భయం. అలాగని 1,500లో 900 కమిషన్ తీసుకోవడం న్యాయమా? అరవై శాతం అండీ!

బే ఏరియా బాబాయ్

వద్దమ్మా. నాకూ ఇదే కాల్, అదే కార్పొరేట్ కంపెనీ కథ. నాది లాస్ వెగాస్ వారం, అంతే తేడా. నాకు గడువు గురువారం ఇచ్చాడు.

టాంపా రావు

కాజా గారూ, ముందు మీ వారికి ఇది చదివి వినిపించండి. ఎందుకంటే 2017లో నేను అచ్చం ఆయన వైపే ఉన్నాను. నా దగ్గర 2,400 తీసుకున్నారు.

అతనికి మీ యూనిట్ నంబరు ఎలా తెలిసిందని హడలిపోకండి. మీది డీడ్ కాబట్టి కౌంటీ రికార్డుల్లో ఉంటుంది. ఓర్లాండో ఉండేది ఆరెంజ్ కౌంటీలో, వాళ్ళ సైట్‌లో మీ ఇంటిపేరు కొడితే కాగితం మొత్తం వస్తుంది. నేను మాత్రం అప్పట్లో "ఇంత వివరంగా చెప్తున్నాడంటే రిసార్టు మనిషే అయ్యుంటాడు" అనుకున్నాను. అక్కడే పడ్డాను.

వాళ్ళు పంపిన కాంట్రాక్టు నేను డబ్బు పోయాక చదివాను. మూడో పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: మేము బ్రోకర్లం కాదు, మీ టైమ్‌షేర్‌కి ప్రకటన మాత్రమే వేస్తాం, అమ్ముడవుతుందని హామీ లేదు. ఫోన్‌లో ఉన్న కొనేవాడు కాగితం మీద లేడు. ప్రకటన వేశారా అంటే వేశారు. ఎవరూ చూడని ఒక సైట్‌లో మా రిసార్టు ఫోటో, పక్కన నేను కలలో కూడా అడగని ధర.

ఆ "మేము బ్రోకర్లం కాదు" అన్న మాట ఊరికే రాయరు. ఫ్లోరిడా చట్టం ప్రకారం రియల్ ఎస్టేట్ బ్రోకర్ టైమ్‌షేర్‌ని లిస్ట్ చేయడానికి ముందస్తు ఫీజు తీసుకోకూడదు. అందుకని వీళ్ళు ప్రకటనల కంపెనీ వేషం వేస్తారు. దానికీ చట్టం ఉంది: రాతపూర్వక కాంట్రాక్టు ఇవ్వాలి, సంతకం పెట్టిన 7 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు మీకుంటుంది. నాకు అది తెలిసేసరికి ఏడు రోజులు కాదు, ఏడు నెలలు అయింది.

కథ అక్కడితో అయిపోలేదు. మరుసటేడాది ఒక "లాయర్ ఆఫీసు" నుంచి ఫోన్. మీరు ఫలానా కంపెనీకి 2,400 కట్టి మోసపోయారు కదా, మేం రాబడతాం, కోర్టు ఖర్చులకి 600 పంపండి అన్నాడు. నేను ఎంత పోగొట్టుకున్నానో అణాపైసలతో సహా వాడికెలా తెలిసిందో నేను చెప్పక్కర్లేదుగా. ఒకసారి మోసపోయినవాళ్ళ లిస్టుకి బజారులో మంచి రేటు. ఆ లిస్టులో మాత్రం మనకి రీసేల్ విలువ ఉంది!

మెక్సికోలో టైమ్‌షేర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. అక్కడ ఇలాంటి చాలా కాల్‌సెంటర్లు నడిపేది డ్రగ్ కార్టెల్ మనుషులు. 2019 నుంచి 2023 వరకు సుమారు 6,000 మంది అమెరికన్లు దాదాపు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారని ఎఫ్‌బీఐ లెక్క. అక్కడ ఫీజు అనరు, "మెక్సికన్ ట్యాక్స్" అంటారు, వైర్ చేయమంటారు.

ఇక ధర సంగతి. మీరిచ్చిన 17,500లో డోనట్లు, టికెట్లు, ఆ నాలుగున్నర గంటలు మీ ఎదురుగా కూర్చున్నవాడి కమిషన్, అన్నీ ఉన్నాయి. ఈబేలో మీ రిసార్టు పేరు కొట్టి, అమ్ముడైనవి మాత్రమే చూపించమనండి. ఒక డాలర్‌కి పోయినవి కనిపిస్తే కంగారు పడకండి. నాదీ చివరికి ఒక డాలర్‌కే పోయింది, పైగా క్లోజింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. డిస్నీ టైమ్‌షేర్ పాయింట్ల లాంటి ఒకటి రెండింటికి తప్ప మిగతా వాటికి రీసేల్‌లో పెద్దగా ఏమీ రాదు. మీ బ్రోకరమ్మ 1,500 అందంటే మీది ఆగస్టు వారం, రెండు బెడ్‌రూమ్‌లు కాబట్టి. మొహం మీదే చెప్పింది చూశారూ, నాకైతే ఆవిడ నచ్చింది.

లీడ్స్ లక్ష్మి

మధ్యలో ఒక్క మాట. ఇక్కడ బ్రిటన్‌లో 2011 నుంచి, యూరప్‌లో 2008 డైరెక్టివ్ ప్రకారం, రీసేల్ ఏజెంటు అమ్మకం పూర్తయ్యేదాకా ఏ పేరుతోనూ డబ్బు తీసుకోకూడదు. అయినా మా కొలీగ్‌కి టెనెరిఫే (స్పెయిన్ దీవి) వారం మీద ఇలాంటి కాల్సే వస్తాయి. అడిగితే "ఇది ఫీజు కాదు, డిపాజిట్" అంటారట.

డీడ్‌లతో కుస్తీ

నేను ఫ్లోరిడాలో ఒక టైటిల్ ఆఫీసులో క్లోజింగ్ ఫైళ్ళు చూస్తాను. ఆ 900 గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

1,500 టైమ్‌షేర్‌కీ 15,000 టైమ్‌షేర్‌కీ బ్రోకర్ పని ఒకటే. ఫోన్లు ఎత్తాలి, రిసార్టు నుంచి ఎస్టాపెల్ తెప్పించాలి (మీ బాకీ ఎంత, ఈ ఏడాది వారం మిగిలి ఉందా లేదా అని రిసార్టు రాసిచ్చే కాగితం), కొనేవాడు మధ్యలో మాయమైతే మళ్ళీ మొదలు. 1,500 మీద 20 శాతం అంటే 300. దానికి ఎవరూ ఫైలు ముట్టుకోరు. అందుకే కనీస కమిషన్ పెడతారు. నా లెక్కలో 900 కాస్త ఎక్కువే, అడిగి చూడండి, తగ్గొచ్చు. కానీ అది మోసం కాదు. అమ్ముడవకపోతే ఆవిడకీ సున్నాయే.

నేనైతే రేటు కన్నా లిస్టింగ్ అగ్రిమెంటు ఎన్నాళ్ళకో ముందు చూస్తాను. ఏడాదిపాటు ఎక్స్‌క్లూజివ్ (ఆవిడ ద్వారానే అమ్మాలి) అని రాసుంటే సంతకం పెట్టకండి. మీరే సొంతంగా కొనేవాణ్ణి తెచ్చుకున్నా కమిషన్ కట్టాల్సి రావచ్చు. ఆరు నెలలు, అదీ ఎక్స్‌క్లూజివ్ కాకుండా అడగండి. ఆవిడ లైసెన్సు నంబరు తీసుకుని రాష్ట్రం సైట్‌లో మీరే వెతకండి, ఆవిడ పంపిన లింకు నొక్కి కాదు. ఎస్క్రో కంపెనీ (అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బు పట్టి ఉంచేది) విషయంలో కూడా అంతే. ముచ్చటైన వెబ్‌సైట్‌తో దొంగ ఎస్క్రోలు నేను చాలా చూశాను.

క్లోజింగ్ ఖర్చు, రిసార్టు ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎవరు కట్టాలో ఇప్పుడే రాయించుకోండి, చివర్లో గొడవంతా అక్కడే. డీడ్ మీద స్టాంపు పన్ను నూటికి 70 సెంట్లు, 1,500కి పదిన్నర డాలర్లు, దాని గురించి ఆలోచించక్కర్లేదు. కొన్ని రిసార్టులకి మొదట కొనే హక్కు ఉంటుంది. బయటి కొనుగోలుదారు కుదిరాక కూడా అదే ధరకి మేమే తీసుకుంటాం అనొచ్చు. మీకేం నష్టం లేదు, కాస్త ఆలస్యం అంతే.

డీడ్ కౌంటీలో రికార్డయ్యి, రిసార్టు ఖాతా కొత్తవాళ్ళ పేరుకి మారిందని మీ చేతికి కాగితం వచ్చేదాకా అమ్ముడైనట్టు కాదు. డీడ్ మారిందని వదిలేసి, రెండేళ్ళ తర్వాత మెయింటెనెన్స్ బిల్లు మళ్ళీ తమకే వచ్చిందని మా ఆఫీసుకొచ్చి అరిచినవాళ్ళు ఉన్నారు.

అన్నట్టు, బ్రోకర్ దగ్గరికి వెళ్ళే ముందు రిసార్టుకి ఒక ఫోన్ చేయండి. లోన్ లేని వారాలని వాళ్ళే వెనక్కి తీసుకునే పథకం కొన్నిచోట్ల ఉంటుంది. డబ్బు రాకపోయినా 1,190 ఆగిపోతుంది.

మల్కాజిగిరి మూర్తి

మా హైదరాబాద్ సంగతి కూడా వినండి, ఇక్కడివాళ్ళకి పనికొస్తుంది. నేను 2009లో ఒక హాలిడే మెంబర్‌షిప్ తీసుకున్నాను, 25 ఏళ్ళది. మాకు డీడ్ గీడ్ ఏమీ ఉండదు, అది కంపెనీతో ఒప్పందం మాత్రమే. ఏటా సబ్‌స్క్రిప్షన్, దాని మీద జీఎస్‌టీ. మనం అమ్మేది మిగిలిన ఏళ్ళనే.

పోయినేడు ఒకమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, మీ మెంబర్‌షిప్ 5 లక్షలకి బయ్యర్ రెడీ" అంది. 18 శాతం జీఎస్‌టీ, అంటే 90,000, ముందే కట్టాలట, తర్వాత రీఫండట. నేను ముప్పై ఏళ్ళు అకౌంట్స్‌లో చేసినవాణ్ణి. "అమ్మా, జీఎస్‌టీ పడితే నీ సర్వీసు ఛార్జీ మీద పడాలి, నాకొచ్చే ధర మీద నేను నీకెందుకు కడతాను? నీ జీఎస్‌టీ నంబరు చెప్పు" అన్నాను. "సీనియర్‌తో మాట్లాడిస్తాను" అంది. ఆ సీనియర్ ఇంకా లైన్లోకి రాలేదు.

ఇక్కడ ఎవరైనా ఆల్రెడీ కట్టేసి ఉంటే వెంటనే 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కి కొట్టండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అంత ఆపగలుగుతారు. ఫీజు తీసుకుని సేవ ఇవ్వని ఏజెంటు మీద అయితే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, ఏజెంటు ఢిల్లీలో ఉన్నా సరే. మనం కట్టింది 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు.

కాకినాడ కాజా (న్యూజెర్సీ)

అందరికీ చాలా థాంక్స్. రావు గారి పోస్టు మా వారికి పైకి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, కాసేపాగి "ఆ కాంట్రాక్టు పంపమను చూద్దాం" అన్నారు.

పంపించాడు. మాకు నాలుగో పేజీలో దొరికింది, ప్రకటన మాత్రమే, హామీ లేదు అని. శుక్రవారం మళ్ళీ ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి, "ఆ 1,995 మీ 21,000లోంచే కోసుకుని మిగతాది మాకివ్వండి" అన్నాను. కంపెనీ పాలసీ ఒప్పుకోదు అన్నాడు. సరే వద్దులెండి అంటే 995 చాలన్నాడు. తర్వాత 495. మా వారు వెనకనుంచి "మీ బ్రోకర్ లైసెన్సు నంబరు ఎంత" అని అడిగారు. లైన్ కట్ అయింది. అప్పట్నుంచి ఆయన ఈ కథ తనే పట్టుకున్నట్టు ఫ్రెండ్స్‌కి చెప్తున్నారు, చెప్పనివ్వండి.

రిసార్టుకి ఫోన్ చేశాను. వెనక్కి తీసుకునే పథకం ఉంది కానీ ఈ ఏడాదికి దరఖాస్తులు ఆపేశారట. అందుకని బ్రోకరమ్మ దగ్గర సంతకం పెట్టాను. లైసెన్సు చూశాను, ఉంది. ఆరు నెలలు, ఎక్స్‌క్లూజివ్ కాదు. కమిషన్ 900 నుంచి 750కి దిగింది, ట్రాన్స్‌ఫర్ ఫీజు కొనేవాళ్ళది. ఫారంలో "ఈ ఏడాది వారం వాడారా" అన్న చోట వాడలేదని రాశాను, కొనేవాళ్ళకి ఆగస్టు కూడా వెళ్తుంది. కాబట్టి ఇన్‌బాక్స్‌లో "మేం వెళ్ళొచ్చా అండీ" అని అడిగిన ఇద్దరికీ సారీ.