ఈ వారం సమస్య: "కుడికి తెడ్డు వేయ నెడమ కేగె"

మొన్న ఆదివారం మనోళ్ళు పదిమంది భవానీ ద్వీపం దాకా కయాకులేసుకుని వెళ్ళొచ్చారు గదా, ఆ ఊపులో ఇచ్చిన సమస్య ఇది. ఆటవెలది, నాలుగో పాదం ఇదే, పై మూడూ మీవి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) లేదని ఎవరూ మీద పడొద్దు, కుడి-నెడ ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు డి-డ కలిసినయి, చెల్లుద్ది.

కృష్ణలంక కుర్రోడు:
దీవి వైపు పోవ దిగితిమి కృష్ణలో
మిత్ర బృంద మంత మెల్లగాను
కొండ గుడిని జూచి కుడివైపు నే బోవ
కుడికి తెడ్డు వేయ నెడమ కేగె

తెనాలి మాస్టారు: గణాలూ యతులూ సరిపోయినయి. కానీ ఏగింది ఏంది నాయనా? పడవ అన్న మాటే లేదు, చదివితే నువ్వే ఈదుకుంటా పోయినట్టుంది. "మెల్లగాను" ఊరికే చోటు నింపటానికి తెచ్చిందేగా. రెండో పాదం "పదుగు రొక్క జట్టు, పడవ నాది" అని మార్చు, కర్త దొరుకుద్ది.

కృష్ణలంక కుర్రోడు: మార్చేశా మాస్టారూ. అసలు నన్ను లాగింది నది వాలండీ, ఉండవల్లి వైపు కొట్టుకుపోయా.

పడవ పిచ్చోడు: వాలా? ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ దించుంటే పైన నీళ్ళు చెరువులా నిలబడుంటయి, నిన్ను లాగేదేముంది. కుడిపక్క నీళ్ళు వెనక్కి తోస్తే ముక్కు ఎడమకే తిరుగుద్ది, ఎవరి పడవైనా అంతే, అందుకే కయాక్ తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటయి, మార్చి మార్చి వెయ్యాలి, కనూలో ఒక్క రెక్కే కాబట్టి వెనకాయన ప్రతి పోటు చివర తెడ్డుని బయటికి మలిపి సరిచేసుకుంటాడు. నువ్వు గుడి చూస్తా ఒకే పక్క కొట్టుంటావ్. నా గొడవేంటంటే, తెడ్డు పట్టినోడికి ఇది సమస్యే కాదు, ఉన్న మాట చెప్పినట్టుంది, సమస్యంటే కాస్త అడ్డంగా ఉండొద్దూ!

మంగళగిరి అక్క: అయితే తెడ్డుని నీళ్ళలోంచి బయటికి తీస్తున్నా, చూడండి.
తీర మందు మేము తినుచుండ పులిహోర
కాకి వచ్చి వాలె గంప మీద
తరుము దామటంచు తల్లి కోపమ్మున
కుడికి తెడ్డు వేయ నెడమ కేగె

తెనాలి మాస్టారు: భలే. పడవ తెడ్డు కాస్తా వంట తెడ్డయింది, ఏగింది కాకి, కర్త ముందే వచ్చి వాలింది. వ్యాకరణం ప్రకారం "తినుచుండఁ బులిహోర" అనాలి గానీ బులిహోర అంటే ఎవరూ తినరు, ఉంచెయ్యమ్మా.

కృష్ణలంక కుర్రోడు: అది గరిటె కదక్కా?

మంగళగిరి అక్క: పదిమందికి పులిహోర కలిపేది గరిటెతో కాదు తమ్ముడూ, చెక్క తెడ్డుతో. కాకి మాత్రం అప్పడం తీసుకునే పోయింది.

గుంటూరు కొత్తోడు: నేను కూడా వచ్చానండీ ఆ ట్రిప్పుకి, పద్యం రాయటం ఇదే మొదలు. "పున్నమి ఘాటులో పడవ ఎక్కితిమి" వరకు వచ్చింది, తర్వాత కదలట్లా.

తెనాలి మాస్టారు: మొదట్లోనే తప్పింది బాబూ. ముందు మూడు సూర్యగణాలు (గురువు-లఘువు గానీ, మూడు లఘువులు గానీ) రావాలి, "పున్నమి" భగణం (గురువు, రెండు లఘువులు), అది ఇంద్రగణాల్లోది, దాన్ని ఇంద్రగణం చోటికి జరుపు. "పొద్దు పొడవకుండ పున్నమి ఘాటులో", యతి కూడా పడింది. మిగతా రెండూ నీవే.

గుంటూరు కొత్తోడు: పొద్దు పొడవకుండా ఎక్కడండీ, మేం చేరేసరికే తొమ్మిదిన్నర.

తెనాలి మాస్టారు: పద్యంలోనన్నా త్వరగా లేవండయ్యా.