ఆలివ్‌కి జత రకం కావాలా, అక్కర్లేదా?

ప్రసాద్ (బోటనీ): ఆలివ్‌లో ఏ రకం పుప్పొడి ఏ రకానికి పనికొస్తుందన్న గొడవ ఇంకా తెగలేదు. దాన్ని నిర్ణయించే జన్యువుకి ఆరు రూపాలున్నాయని, ఒకటి ఇంకోదాన్ని అణిచిపెడుతుందని 2012లో బ్రెటన్, బెర్విల్లే అనే పరిశోధకులు ప్రతిపాదించారు. 2017లో సోమితు-లాప్రాద్ అనే పరిశోధకుడి బృందం ఆలివ్ రకాలన్నీ కలిపి రెండే గుంపులంది. సొంత గుంపు పుప్పొడి పనికిరాదు, అవతలి గుంపుది ఏదైనా పనికొస్తుంది. నా ఓటు రెండోదానికే. పువ్వు కీలాగ్రంలో (పుప్పొడి వాలే కొనలో) పుప్పొడి నుంచి మొలిచే పరాగనాళం దిగిందా లేదా అని వాళ్లు మైక్రోస్కోపులో చూశారు.

ఫ్రెస్నో రైతు: ఇక్కడ కాలిఫోర్నియాలోనే, కార్నింగ్‌లో మా తమ్ముడి ఆలివ్ తోట మొత్తం అర్బెక్వినా రకం ఒక్కటే. కొమ్మలు వంగేలా కాస్తోంది. సొంత పుప్పొడి పనికిరాదని ఎలా అంటారు?

వాణి: మల్లె, పారిజాతం కూడా ఆలివ్ కుటుంబమేగా. వాటిలోనూ రెండు గుంపులేనా?

ప్రసాద్: వాణిగారూ, ఆలివ్‌కి దగ్గరి బంధువైన ఫిలిరియాలో 2010లోనే రెండు గుంపులని తేలింది. రైతుగారూ, కార్నింగ్ అంటేనే ఆలివ్ ఊరు. అక్కడి గాలినిండా పుప్పొడే. ఆ కాయలకి తండ్రి ఏ చెట్టో గింజకి డీఎన్ఏ పరీక్ష చేస్తేగాని తెలీదు.

ఫ్రెస్నో రైతు: బయటి పుప్పొడి రాకుండా సంచి కట్టిన కొమ్మకీ నాలుగు కాయలొచ్చాయి. కళ్లారా చూశా.

ప్రసాద్: సంచిలోకీ పుప్పొడి దూరుతుంది. 2018లో బ్రెటన్ వాళ్లు అభ్యంతరం చెప్తే సోమితు-లాప్రాద్ బృందం ఇచ్చిన జవాబూ ఇదే. రకం పేరు సరైనదేనా, బయటి పుప్పొడి చొరబడిందా, ముందు అవి తేల్చమంది. నాలుగు కాయలు రుజువు కాదు.

ఫ్రెస్నో రైతు: మీకు తండ్రెవరో కావాలి, నాకు కాయ కావాలి! ఒకే రకం చాలని నర్సరీవాడు చెబితే మాంజనిల్లా రకం ఆలివ్ మొక్కలు అరవై వేశా. చుట్టూ బాదం తోటలే. మేలో కొమ్మ కనబడనంత పూత. తర్వాత చూస్తే గుత్తినిండా మిరియం గింజంత పిందెలు, గోటితో చీలిస్తే లోపల గింజ లేదు. ఆరేళ్లు పోయాయి.

వాణి: అయ్యో.

ప్రసాద్: ఈ మాట ముందే చెప్పాల్సింది. గింజ లేదంటే ఫలదీకరణే జరగలేదు. మీ తోటే నా పక్షాన సాక్ష్యం.

ఫ్రెస్నో రైతు: మీ పక్షం సంగతి నాకెందుకండీ? రెండా, ఆరా అని మీరు పోట్లాడుకుంటుంటే, ‘సొంతంగా కాస్తుంది’ అని చీటీ కట్టి మొక్కలు అమ్ముతూనే ఉన్నారు. ఆ చీటీ మీద ఏం రాయాలో మీలో ఒక్కరైనా చెప్పారా?

ప్రసాద్: లేదు. అక్కడ మీదే న్యాయం. మాంజనిల్లా మట్టుకు ఒంటరిగా వేయకూడదు. సెవిల్లానో అనే ఇంకో ఆలివ్ రకాన్ని తోడు వేయడం కాలిఫోర్నియాలో పాత పద్ధతే.

ఫ్రెస్నో రైతు: అయితే ఈ వసంతంలో గాలి వచ్చే వైపు వరసకి సెవిల్లానో అంటు కట్టిస్తా. అది పూతకొచ్చిన ఏడాది పిందెలు చీల్చి చూసి ఇక్కడే రాస్తా.